తప్పిపోయిన తండ్రి, పక్కనే ఉన్న లోకం

ఆక్స్‌ఫర్డ్ నగరపు ఉత్తరపు అంచున సండర్లాండ్ అవెన్యూ అనే రోడ్డు ఉంది. దాని పక్కన వరసగా హార్న్‌బీమ్ చెట్లు. ఒక రాత్రి ఆ చెట్ల కింద ఒక పిల్లి గాలిలో ఏదో కనిపించినట్టు ఆగి, పంజాతో తడిమి, ఉలిక్కిపడి వెనక్కి దూకుతుంది. మళ్ళీ ముందుకు జరిగి, చూస్తూండగానే మాయమవుతుంది. దూరం నుంచి గమనిస్తున్న పన్నెండేళ్ళ కుర్రవాడు దగ్గరికి వెళ్ళి చూస్తాడు. గాలిలో ఒక చదరపు ముక్క కోసి తీసినట్టుంది. ఒక వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. వెనక నుంచి చూస్తే ఏమీ లేదు. దాని అవతల ఉన్నది కూడా నేలే, గడ్డే, రాత్రే. కానీ అది ఈ లోకపు నేల కాదని అతనికి చూడగానే తెలుస్తుంది.

ఫిలిప్ పుల్‌మన్ నవల ‘ద సటిల్ నైఫ్’ (1997) మొదటి అధ్యాయంలోని ఘట్టమిది. ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ నవలాత్రయంలో ఇది రెండవది. మొదటిది ‘నార్తర్న్ లైట్స్’ (1995), మూడవది ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ (2000). బ్రిటన్‌లో విట్‌బ్రెడ్ సంస్థ ఆ యేటి ఉత్తమ గ్రంథానికిచ్చే బహుమతిని పిల్లల పుస్తకాల్లో మొట్టమొదట అందుకున్నది ఈ మూడవ నవలే. బి.బి.సి., హెచ్.బి.ఓ. సంస్థలు 2019 నుంచి 2022 వరకు దీన్ని టెలివిజన్ ధారావాహికగా తీశాయి. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లల పుస్తకాల అరల్లో కూడా ఈ మూడు సంపుటాలు తరచు కనిపిస్తాయి. తల్లిదండ్రులు వాటిని ‘ఫాంటసీ’ అనే ఒక్క మాటతో పక్కన పెట్టేయడమూ మామూలే.

ఆ కుర్రవాడి పేరు విల్ ప్యారీ. ఉండేది వించెస్టర్‌లో. తండ్రి జాన్ ప్యారీ రాయల్ మరీన్స్‌లో అధికారిగా పనిచేసి, తర్వాత అన్వేషకుడిగా మారినవాడు. విల్ పసికందుగా ఉన్నప్పుడు అలాస్కాకు వెళ్ళిన ఒక పరిశోధక యాత్రలో అదృశ్యమయ్యాడు. శవం దొరకలేదు, కబురు రాలేదు. తల్లి ఎలేన్ ఇంట్లోనే ఉంది, కానీ ఆమె మనసు నిలకడగా లేదు. వస్తువులను పదేపదే లెక్కపెడుతుంది, తాకి చూస్తుంది, ఎవరో వెంటాడుతున్నారని భయపడుతుంది. ఏడేళ్ళ వయసులో ఒకసారి తల్లితో సూపర్‌మార్కెట్‌కు వెళ్ళిన విల్, శత్రువుల కంటపడకుండా సామాను తీసుకోవడమన్నది ఆమె ఆడిస్తున్న ఆట అనుకుంటాడు. ఆ శత్రువులు ఆమె మనసులో మాత్రమే ఉన్నారని అతనికి ఆ రోజే తెలిసివస్తుంది. అప్పటి నుంచి వంట, ఇంటి పనులు, బడిలో ఎవరికీ అనుమానం రాకుండా మసలుకోవడం, అన్నీ అతనే చూసుకుంటాడు. సంగతి బయటపడితే తల్లిని తననుంచి వేరు చేస్తారన్నది అతని భయం.

పుల్‌మన్ ఇక్కడ తప్పిపోయినవారిని ఇద్దరిని చూపుతున్నాడు. ఒకరు కనబడక తప్పిపోయారు, మరొకరు కళ్ళెదుటే ఉండి తప్పిపోయారు. ఈ రెంటికీ కలిపి ఒక శాస్త్రీయమైన పేరుంది. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన సైనికుల కుటుంబాలను పరిశీలించింది. మరణవార్త అందిన ఇంటికీ, ఏ వార్తా అందని ఇంటికీ దుఃఖంలో పెద్ద తేడా ఉందని గమనించింది. మొదటి ఇంట్లో కర్మకాండ ఉంటుంది, పలకరింపులుంటాయి, ఒక రోజుకు దుఃఖం సద్దుమణుగుతుంది. రెండవ ఇంట్లో ఇవేవీ జరగవు. మనిషి ఉన్నట్టా లేనట్టా తేలదు కనుక ఏడవడం కూడా ద్రోహంలాగే అనిపిస్తుంది. దీనికామె పెట్టిన పేరును తెలుగులో ‘తేలని వియోగం’ అనవచ్చు. అందులో రెండు రకాలున్నాయని ఆమె చెప్పింది. మనిషి ఎదుట లేకపోయినా మనసులో ఉండటం ఒకటి. మనిషి ఎదుట ఉన్నా మనసు లేకపోవడం రెండవది. మతిమరుపు వ్యాధి సోకిన పెద్దవారున్న ఇళ్ళవారికి ఈ రెండవది చెప్పనక్కరలేదు.

విల్ ఇంట్లో ఈ రెండు రకాలూ ఉన్నాయి. గాలిలోని ఆ కిటికీ ఎందుకు అవసరమయిందో ఇక్కడే అర్థమవుతుంది. తేలని వియోగంలో ఉన్న పిల్లవాడిని వేధించే ప్రశ్న ‘నాన్న ఎందుకు పోయాడు’ అన్నది కాదు, ‘నాన్న ఎక్కడున్నాడు’ అన్నది. పోయినవాడిని వెతకనక్కరలేదు. ఎక్కడో ఉన్నవాడిని మాత్రం వెతకాలి. సమాంతర విశ్వమనే కల్పన ఆ ‘ఎక్కడో’కి ఒక స్థలాన్నిస్తుంది. లేకపోవడం దూరంగా మారుతుంది. దూరమైతే నడిచి వెళ్ళవచ్చు.

ఈ కల్పనకు మూలమైన భౌతికశాస్త్ర సిద్ధాంతాన్ని కొంత వివరంగా చూడాలి. నవల ఆ సిద్ధాంతాన్ని వాడుకుంటూనే ఒక ముఖ్యమైన చోట దానికి ఎదురు తిరుగుతుంది. క్వాంటం యాంత్రికశాస్త్రం ప్రకారం, ఒక కణం కొలతకు ముందు పలు స్థితుల మిశ్రమంగా ఉంటుంది. కొలిచినప్పుడు మాత్రం ఏదో ఒక ఫలితమే కనిపిస్తుంది. మిగతా అవకాశాలు ఏమయ్యాయి? కొలత జరిగిన క్షణంలో అవి కూలిపోయాయన్నది నీల్స్ బోర్ పరంపరలో స్థిరపడిన సమాధానం. ప్రిన్‌స్టన్‌లో జాన్ వీలర్ వద్ద పరిశోధన చేసిన హ్యూ ఎవరెట్ 1957లో ప్రచురించిన సిద్ధాంతంలో, అసలు ఏదీ కూలిపోలేదన్నాడు. కొలిచే మనిషి కూడా కణాలతో తయారైనవాడే కనుక అతన్నీ అదే సమీకరణంలో చేర్చాలి. చేర్చి చూస్తే, ఒక ఫలితాన్ని చూసిన మనిషీ, మరో ఫలితాన్ని చూసిన మనిషీ ఇద్దరూ ఆ సమీకరణంలో నిలుస్తారు. ఎవరి శాఖలో వారుంటారు. 1970లో బ్రైస్ డివిట్ ‘ఫిజిక్స్ టుడే’ పత్రికలో రాసిన వ్యాసంతో ఈ ఆలోచన పదిమందికీ తెలిసింది. ‘బహుళ లోకాలు’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది కూడా డివిట్టే.

‘నార్తర్న్ లైట్స్’ చివరలో ఆస్రియల్ ప్రభువు లైరాకు ఈ సంగతినే నాణెం ఎగరవేయడంతో పోల్చి చెబుతాడు. ఇక్కడ బొమ్మ పడితే, మరో లోకంలో బొరుసు పడి ఉంటుంది. ఇంతవరకు నవల ఎవరెట్ దారిలోనే నడుస్తుంది. తర్వాత దారి మారుస్తుంది. ఎవరెట్ సిద్ధాంతంలో ఒక శాఖ నుంచి మరో శాఖకు వెళ్ళే మార్గం లేదు. కిటికీ లేదు, కత్తి లేదు, కబురు కూడా రాదు. పైగా అక్కడ ఉండేది ఈ పిల్లవాడి తండ్రి కాడు. అలాస్కాకు వెళ్ళకుండా ఇంటిపట్టునే ఉండిపోయిన జాన్ ప్యారీ ఏదో ఒక శాఖలో ఉన్నాడనుకున్నా, అతని మోకాలిపై కూర్చుని పెరిగిన విల్ మరొకడు. వెతుకుతున్న విల్‌కు ఆ సమాచారం వల్ల ఒరిగేది లేదు సరికదా, తనవంటివాడే మరొకడు తండ్రితో సుఖంగా ఉన్నాడన్న ఊహ గాయాన్ని ఇంకా పెద్దది చేస్తుంది. పుల్‌మన్ ఈ ప్రతిబింబాల లెక్కను తెలివిగా వదిలేశాడు. ఈ నవలల్లో లోకాలు అనేకం. జాన్ ప్యారీ ఒక్కడే. మంచు తుపానులో తెలియక ఒక కిటికీ దాటి, వెనక్కి దారి తెలియక, లైరా లోకంలో స్టానిస్లాస్ గ్రుమ్మన్ అనే పండితుడిగా, జోపారి అనే మాంత్రిక వైద్యుడిగా బతుకుతున్నాడు. ‘జాన్ ప్యారీ’ అన్న పేరే స్థానికుల నోట ‘జోపారి’ అయింది. వలస వెళ్ళిన చోట పేరు అరిగిపోవడం ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు.

ఎవరెట్ ప్రస్తావన వచ్చింది కనుక అతని ఇంటి కథ కూడా చెప్పుకోవాలి. అది ఏ నవల కన్నా తక్కువ కాదు. సిద్ధాంతానికి తగిన ఆదరణ రాలేదు. 1959లో కోపెన్‌హాగన్ వెళ్ళి బోర్‌ను కలిసినా ఫలితం లేకపోయింది. అప్పటికే ఎవరెట్ విశ్వవిద్యాలయాలను వదిలి, పెంటగాన్ కోసం ఆయుధ వ్యవస్థల గణితంలో పడ్డాడు. ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాగితాలపై లెక్కలు వేసుకునేవాడు. పిల్లలతో మాట్లాడేవాడు కాడు. 1982 జూలైలో, 51 ఏళ్ళ వయసులో గుండెపోటుతో నిద్రలోనే పోయాడు. మంచంపై ఉన్న తండ్రిని మొదట చూసినది 19 ఏళ్ళ కొడుకు మార్క్. తండ్రిని తాకిన జ్ఞాపకమంటూ తనకున్నది, ఆ ఉదయం ప్రాణం నిలపడానికి ప్రయత్నించినప్పటిదేనని తర్వాత అతను చెప్పుకున్నాడు. మార్క్ ‘ఈల్స్’ అనే రాక్ బృందానికి నాయకుడయ్యాడు. 2007లో బి.బి.సి. కోసం తీసిన ఒక డాక్యుమెంటరీలో, తండ్రి మిత్రులనూ భౌతికశాస్త్రవేత్తలనూ కలిసి, ఆ సిద్ధాంతమేమిటో చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పించుకున్నాడు. గణితం రాని కొడుకు, గణితం తప్ప మరో భాష మాట్లాడని తండ్రిని పాతికేళ్ళ తర్వాత వెతకడం ఆ చిత్రంలో కనిపిస్తుంది. అక్క ఎలిజబెత్ 1996లో ఆత్మహత్య చేసుకుంది. తాను రాసి ఉంచిన చీటీలో, సరైన సమాంతర విశ్వంలో తండ్రిని కలుసుకోవాలన్న కోరికను ప్రస్తావించింది.

ఆ చీటీని గుర్తుంచుకుని చూస్తే, పిల్లలకు సమాంతర విశ్వాల కథలు చెప్పడమంటే నిప్పుతో చెలగాటమని తెలుస్తుంది. ‘నాన్న మరో లోకంలో ఉన్నాడు’ అన్న మాట ఊరట కాగలదు, పిలుపు కూడా కాగలదు. అందువల్ల ఈ కోవకు చెందిన నవలల్లో మంచివాటిని గుర్తుపట్టడానికి అవతలి లోకం ఎంత అద్భుతంగా ఉందన్నది కాక, తండ్రి దొరికిన తర్వాత రచయిత ఏం చేశాడన్నది చూడాలి.

ఈ దారిలో ముందు నడిచింది మాడలిన్ లెంగిల్. అమెరికా బడుల్లో ఐదారు తరగతుల పిల్లలు ఇప్పటికీ చదివే ‘ఎ రింకిల్ ఇన్ టైమ్’ 1962లో వచ్చింది. పాతికమందికి పైగా ప్రచురణకర్తలు తిప్పి పంపిన ఆ పుస్తకానికే మరుసటి సంవత్సరం న్యూబరీ పతకం లభించింది. ఇందులో సమాంతర విశ్వాలు లేవు. దేశకాలాన్ని గుడ్డలా మడిచి దూరపు గ్రహాలకు చేరడం ఉంది. కానీ వెతుకులాట అదే. భౌతికశాస్త్రవేత్త అయిన తండ్రి ప్రభుత్వ పనిమీద వెళ్ళి తిరిగి రాలేదు. కూతురు మెగ్ అతన్ని వెతుక్కుంటూ కామజాట్స్ అనే గ్రహం చేరుతుంది. నాన్న దొరికితే ఇక అన్నీ ఆయనే చూసుకుంటాడన్నది ఆమె నమ్మకం. నాన్న దొరుకుతాడు. కానీ చిన్న తమ్ముడు చార్లెస్ వాలెస్ శత్రువు వశమైపోయినప్పుడు, తండ్రి అతన్ని అక్కడే వదిలి మిగతా పిల్లలతో బయటపడవలసివస్తుంది. మెగ్ తండ్రిపై కోపంతో రగిలిపోతుంది. తమ్ముడి కోసం చివరకు వెనక్కి వెళ్ళేది ఆమే, ఒంటరిగా. అరవయ్యేళ్ళనాటి పిల్లల పుస్తకంలో, రక్షించబడిన తండ్రి అశక్తుడిగా నిలబడి చూడటమన్నది సాహసమైన ఊహ. 2018 నాటి డిస్నీ చలనచిత్రం చూసినవారు పుస్తకం కూడా చదవాలి. ఆ కోపం పుస్తకంలోనే పదునుగా ఉంటుంది.

తెలుగు కథాసంపదలో ఈ వెతుకులాటకు బంధువులు లేకపోలేదు. బాలనాగమ్మ కథలో మాయల మరాఠీ తల్లిని ఎత్తుకుపోతే, పెరిగి పెద్దయిన కొడుకు ఆమెను వెతుక్కుంటూ బయలుదేరుతాడు. ఏడు సముద్రాల అవతల చిలుకలో దాగిన మరాఠీ ప్రాణాన్ని పట్టుకుంటాడు. బుర్రకథల్లో, 1942 నాటి జెమిని చిత్రంలో తరాల పిల్లలు విన్నదీ చూసినదీ ఇదే. కానీ అక్కడ తల్లి దొరకడంతో లోకం మొత్తం మళ్ళీ చక్కబడుతుంది. ‘తర్వాత ఏమిటి’ అన్న ప్రశ్నకు తావు లేదు.

ఆ ప్రశ్నను వేసిన కథ మరొకటుంది. అది యోగవాసిష్ఠంలోని లీలోపాఖ్యానం. సంస్కృతంలోని ఈ గ్రంథాన్ని మడికి సింగన వాసిష్ఠ రామాయణంగా తెనిగించాడు. పద్ముడనే రాజు భార్య లీల, భర్త ముందుగా మరణిస్తే ఎలాగన్న భయంతో, చావు లేకుండా ఉండే ఉపాయం చెప్పమని పండితులను అడుగుతుంది. అలాంటిది లేదంటారు. అప్పుడు సరస్వతిని ఆరాధించి, భర్త మరణిస్తే అతని జీవుడు ఈ మందిరం దాటి పోకుండా ఉండాలని వరం కోరుతుంది. భర్త మరణిస్తాడు. పూలమధ్య పడుకోబెట్టిన శవం పక్కన, ఆ గది ఆకాశంలోనే, అతను విదూరథుడనే మరో రాజుగా మరో రాజ్యమేలుతూ కనిపిస్తాడు. అంతేకాదు. పద్ముడూ లీలా కూడా అంతకుముందు ఒక కొండ పల్లెలో ఉన్న బ్రాహ్మణ దంపతులేనని, వారు మరణించి ఎనిమిది రోజులే అయిందని, వారి ఇంటి ఆకాశంలోనే ఈ రాజ్యమంతా, ఇన్నేళ్ళ జీవితమంతా ఇమిడి ఉందని సరస్వతి చెబుతుంది. గదిలో లోకం, ఆ లోకపు గదిలో మరో లోకం.

లీలకూ విల్‌కూ కోరిక ఒకటే. ఇద్దరూ లోకాల మధ్య తెర దాటి, కోల్పోయిన మనిషిని చూస్తారు. కానీ గ్రంథాలు రెండూ ఆ చూపును రెండు వేరు దిక్కులకు తీసుకుపోతాయి. భర్త ఇన్ని లోకాల్లో ఇన్ని విధాలుగా ఉన్నాడని చూసిన కొద్దీ, ఏ లోకమూ మిగతావాటికన్న ఎక్కువ సత్యం కాదని లీలకు బోధపడుతుంది. అంతా చిత్తంలో పుట్టినదే. పుల్‌మన్ సరిగ్గా దీనికి అవతలి గట్టున ఉన్నాడు. అతని దృష్టిలో ప్రతి లోకమూ సత్యమే. అయితే పుట్టిన లోకమొక్కటే మనిషికి బతకగలిగిన చోటు.

ఈ సంగతి అతను ఉపన్యాసంగా చెప్పకుండా కథలో ఒక నియమంగా పెట్టాడు. పరాయి లోకంలో మనిషి ఆరోగ్యం పదేళ్ళకు మించి నిలవదు. జాన్ ప్యారీ చిక్కి శల్యమై, గుండె బలహీనపడి, చావుకు దగ్గరై ఉన్నది అందుకే. (ఉద్యోగం కోసం వచ్చి పదేళ్ళు దాటిన పాఠకులు ఈ వాక్యం దగ్గర కాస్త నవ్వుకోవచ్చు. పుల్‌మన్ ఉద్దేశం అది కాదు.) లోకాల మధ్య తెరను కోసే కత్తికి కూడా ఖరీదుంది. చిత్తగాజే అనే నగరంలో ఆ కత్తి విల్ చేతికి వస్తూనే, అతని ఎడమచేతి వేళ్ళు రెండు తీసుకుంటుంది. మనసు చెదిరితే కత్తి విరుగుతుంది. మూడవ నవలలో అది ముక్కలయ్యేది, తెర కోస్తున్న విల్‌కు తల్లి గుర్తుకొచ్చిన క్షణంలోనే. చిత్తగాజేలో స్పెక్టర్లనే జీవులు తిరుగుతుంటాయి. పిల్లలను తాకవు, పెద్దవారి చైతన్యాన్ని మాత్రం పీల్చేస్తాయి. అవి సోకిన తల్లి నిలబడే ఉంటుంది, కళ్ళు తెరిచే ఉంటుంది, కాని పట్టుకుని వేలాడుతున్న బిడ్డ ఎవరో ఆమెకు పట్టదు. విల్ ఇంట్లో ఉన్న దుఃఖమే ఇక్కడ ఒక నగరమంతా పరుచుకుంది. కత్తితో తెరిచిన ప్రతి కిటికీ ఒక కొత్త స్పెక్టర్‌ను పుట్టిస్తుందని పాఠకుడికి తెలిసేది చాలా ఆలస్యంగా. పోయినవారి కోసం తెరిచిన తలుపు, ఉన్నవారిని శూన్యం చేస్తోందన్నమాట.

తండ్రీకొడుకులు కలుసుకునే ఘట్టం ‘ద సటిల్ నైఫ్’ చివరలో ఉంది. కొండమీద, చీకటిలో, ఒకరినొకరు ఎరగక కలబడతారు. పెనుగులాటలో కుర్రవాడి చేతికి వేళ్ళు లేకపోవడం తడిమి తెలుసుకున్న ఆ మనిషి, నెత్తురాగని గాయానికి మందు పూస్తాడు. కత్తి మోసేవాడికి చేయవలసిన పని గురించి మాట్లాడతాడు. యుద్ధం గురించి, ఆస్రియల్ పక్షాన నిలబడటం గురించి. దీపం వెలుగులో ఇద్దరి ముఖాలూ ఒకరికొకరు కనిపించి, గుర్తుపట్టీ పట్టకముందే, అతను ప్రేమ నిరాకరించిన ఒక మంత్రగత్తె వేసిన బాణం జాన్ ప్యారీ గుండెలో దిగుతుంది. పన్నెండేళ్ళ ఎదురుచూపుకు దక్కింది ఒక్క చూపు. పాఠకుడికి ఇది అన్యాయంగా తోస్తుంది, కొందరు పిల్లలు పుస్తకం మూసేస్తారు కూడా. కానీ తేలని వియోగం ఆ క్షణంలో తేలింది. ఇప్పుడు తండ్రి చనిపోయాడు. విల్ ఆయన అంగీ తీసి కప్పుకుంటాడు. ఆర్‌ఏఎఫ్‌లో పైలట్ అయిన పుల్‌మన్ తండ్రి కూడా, కొడుక్కి ఏడేళ్ళ వయసులో, కెన్యాలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించాడు. ఈ సన్నివేశాన్ని ఆ వాస్తవంతో ముడిపెట్టి చదవడం తేలిక. చదవనవసరం లేదు, అది తన కాళ్ళమీద తాను నిలబడగలదు.

మూడవ నవలలో మరణించినవారి లోకానికి వెళ్ళిన విల్, తండ్రిని మళ్ళీ కలుస్తాడు. ఈసారి మాట్లాడుకోవడానికి సమయం ఉంది. నీ స్వభావం యోధుడిదని కొండమీద తండ్రి చెప్పిన మాటను విల్ ఒప్పుకోడు. అవసరమై పోరాడానే తప్ప, ఏం చేయాలో ఎంచుకునేది తానేనని చెబుతాడు. లెంగిల్ నవలలో మెగ్ కోపంతో చెప్పినదాన్ని విల్ శాంతంగా చెబుతాడు. తండ్రి మాటకు ఎదురు చెప్పగలగాలంటే ముందు తండ్రి దొరకాలి. ఊహలోని తండ్రితో వాదం సాధ్యం కాదు, అతను ఎప్పుడూ ఒప్పే.

చివరకు కిటికీలన్నీ మూసేయాలని తేలుతుంది. చనిపోయినవారు బయటికి వచ్చి గాలిలో కలిసిపోయేందుకు ఒక్కటే తెరిచి ఉంచవచ్చు. విల్, లైరా ప్రేమించుకున్నారు. ఇద్దరి లోకాలూ వేరు. లైరాను తలుచుకుంటూ విల్ తన కత్తిని తానే విరిచేస్తాడు. ఆక్స్‌ఫర్డ్ వృక్షోద్యానంలో ఒక బెంచీ రెండు లోకాల్లోనూ ఉంది. ఏటా నడివేసవి రోజు మధ్యాహ్నం, ఎవరి లోకంలో వారు, గంటసేపు దానిపై కూర్చుంటామని మాట ఇచ్చుకుంటారు. నవల చదివినవారికి గుర్తుండిపోయేది ఆ బెంచీయే. నిజంగానే ఆ తోటకు వెళ్ళి వెతికేవారూ ఉన్నారు.

అయితే విల్ కథ ఆ బెంచీ దగ్గర ఆగదు. శాస్త్రవేత్త మేరీ మలోన్ అతనితోబాటు ఈ లోకానికి తిరిగి వస్తుంది. తల్లి విషయంలో తోడుంటానంటుంది. ఎలేన్‌ను ఇల్లు విడిచినప్పుడు పియానో నేర్పే వృద్ధురాలు కూపర్ వద్ద వదిలివచ్చాడు. మొదట అక్కడికి వెళ్ళాలి. తర్వాత వైద్యులతో, పోలీసులతో, ఇన్నాళ్ళూ అతను తప్పించుకు తిరిగిన అధికారులందరితో మాట్లాడాలి.